చిన్నమాటల బరువు నెరిగిన బ్రౌను దొర

తెలుగు చదువుకొన్న యింట చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు విననివారు అరుదు. వేమన పద్యములను సేకరించి అచ్చువేయించినవాడని, నిఘంటువులను కూర్చినవాడని బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని నిఘంటువు కూర్చుట యనగా నేమో, అందు ఏ మాటకడ ఎంత చిక్కు గలదో ఆలోచించువారు తక్కువ. ఏనుగు, పర్వతము, సముద్రము వంటి పెద్దమాటలకు మరియొక భాషలో సరియైన మాట వ్రాయుటకు క్షణకాలము చాలును. కొంచెము, కొందరు, కొన్ని, ఏమైనను, అంతగా అను చిన్నమాటలకడనే నిఘంటుకారుని కలము ఆగిపోవును. పరిమాణమును దెలుపు ఈ చిన్నమాటలు వాక్యమున నొక మూల ఒదిగియుండియే వాక్యార్థమును తలక్రిందులు చేయగలవు. ఇంగ్లీషునకు తెలుగును, తెలుగునకు ఇంగ్లీషును చెప్పుచు బ్రౌను గడపిన జీవితమును ఈ దృష్టితో పరిశీలించుట విద్యార్థులకును ఉపాధ్యాయులకును మిక్కిలి ప్రయోజనకరము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియం కళాశాలకు ప్రోవోస్టుగా నుండి ప్రాచ్యభాషలయందు అభిమానము గలవాడై వర్తించెను. కుమారునకు చిన్ననాడే పలుభాషల రుచి చూపినది ఆయనయే. 1812లో తండ్రి మరణించుటతో కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు తగిన శిక్షణ పొంది, 1817 ఆగస్టులో పందొమ్మిదేండ్లు నిండబోవు ఆ యువకుడు చెన్నపట్టణమున ఓడ దిగెను.

చెన్నపట్టణమున ఫోర్టు సెంట్ జార్జి కళాశాలలో అతనికి తెలుగు చదువవలసి వచ్చెను. వెలగపూడి కోదండరామ పంతులుగారు అతనికి తొలి గురువులు. అంతవరకు తెలుగు మాట యొకటియు నెరుగని బ్రౌను మూడేండ్లలో పరీక్షయందు కృతార్థుడయ్యెను. 1820లో గవర్నరు పదవికి వచ్చిన సర్ థామస్ మన్రో, దేశభాష నెరుగని అధికారి ప్రజల కష్టసుఖముల నెరుగజాలడని గట్టిగా నమ్మినవాడు. ఆ హితవు బ్రౌను మనస్సునకు హత్తుకొనెను. అదే యేట కడపకు కలెక్టరు సహాయోద్యోగిగా పోయి, కచేరీలోను గ్రామములలోను నిత్యము తెలుగు వినుచు, తెలుగున మాటలాడుచు, పుస్తకమున నేర్చిన భాషకును జనుల నోట నాడు భాషకును గల యెడమును గమనింపసాగెను.

1822 ప్రాంతమున బ్రౌనునకు మచిలీపట్నమునకు బదిలీయయ్యెను. కృష్ణా ముఖద్వారమునకు చేరువనున్న ఆ రేవుపట్టణము నాటికే విద్యకును వర్తకమునకును నెలవు. ఆంధ్రదీపిక యను నిఘంటువును కూర్చిన మామిడి వెంకయ్యగారు ఆ పట్టణపు వర్తకులే. అట్టి చోట బ్రౌను తెలుగు వాఙ్మయమును లోతుగా చదువ నారంభించెను. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రిగారు, వఠ్యము అద్వైతబ్రహ్మయ్యగారు మున్నగు పండితులు అతనికి ఛందస్సును కావ్యములను బోధించిరి. కడపలో వలెనే ఇచ్చటను బీదపిల్లలకు బడులు పెట్టించి, ఆ వ్యయమును తానే భరించెను. వేమన పద్యముల వ్రాతప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, పాఠములను నిర్ణయించి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. మొదటి ముద్రణమున 693 పద్యములుండగా, 1839 నాటి ముద్రణమున వాని సంఖ్య 1164కు పెరిగెను. దీనికి ముందే, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సులను గూర్చిన అతని గ్రంథము వెలువడెను.

వేమన పద్యములను ఇంగ్లీషు చేయునపుడే చిన్నమాటల చిక్కు ఏ యనువాదకునకైనను ఎదురుకాక తప్పదు. తెలుగున ఒక్క ఏకారము, ఒక్క ఊకారము మాట చివర చేరి భావమును మార్చివేయును. కొందరు వచ్చిరి అనిన ఒక యర్థము. కొందరే వచ్చిరి అనిన మరియొక యర్థము. కొందరును రాలేదు అనిన వేరొకటి. కొందరైనను వచ్చిరి అనిన ఇంకొకటి. వచ్చినవారు నలుగురే కావచ్చును. లెక్క మారలేదు, చెప్పువాని చూపు మారినది. మొదటి మాట ఉన్నదానిని చూచును. రెండవ మాట లేనిదానిని చూచును. నాలుగవ మాట ఆశ వదలుకొన్న తరువాత కలిగిన తృప్తిని తెలుపును.

ఇంగ్లీషున ఈ పనినే ఏకాక్షరమైన ఎ అను ఉపపదము చేయును. ఎ ఫ్యూ అనిన కొందరు లేక కొన్ని యని యర్థము. ఎ తీసివేసి ఫ్యూ అని మాత్రమే యనిన కొందరే, ఇంచుమించు లేరన్నంత తక్కువ యని యర్థము. అట్లే ఎ లిటిల్ అనిన కొంచెము కలదు. లిటిల్ అనిన లేదన్నంత కొంచెము. ఎ ఫ్యూ అను మాట శూన్యమునుండి పైకి నడచును. ఫ్యూ అను మాట శూన్యమువైపు క్రిందికి దిగును. ఓన్లీ అను మాటను ముందు చేర్చి ఓన్లీ ఎ ఫ్యూ అనిన మరల తక్కువయే యగును. క్వైట్ ఎ ఫ్యూ అనినచో విచిత్రముగా చాలమంది యని యర్థమగును. నాట్ ఎ లిటిల్ అనినను అంతే. కొంచెము కాదు, చాల యని భావము. తెలుగున ఉపపదము లేదు గనుక, మన విద్యార్థి ఆ యొక్క యక్షరమును అనవసరమని విడిచివేయును. విడిచినచో తాను చెప్పదలచిన దానికి ప్రతికూలమైన యర్థము వచ్చిపడును. నాకు కొందరు స్నేహితులు కలరని చెప్పబోయి, నాకు స్నేహితులే లేరన్నట్లు వ్రాసి కూర్చుండును.

అయితే తెలుగు ఈ విషయమున పేదది యనుకొనరాదు. మనుష్యులకు కొందరు, ఇతరములకు కొన్ని, లెక్కింపరాని వస్తువులకు కొంత, కొంచెము అని మన భాష విడదీసినది. ఇంగ్లీషు ఫ్యూ అను మాటకు మనిషియు మ్రానును ఒక్కటే. రెండు భాషలును సూక్ష్మములే. సూక్ష్మత యున్న చోట్లు వేరు. ఈ భేదము నెరుగక, ఒక మాటకు ఒక మాట వ్రాసి నిఘంటువు పూర్తిచేయవచ్చుననుకొనువాడు నిఘంటుకారుడు కాడు. బ్రౌను అట్లు చేయలేదు. మాట యొక్కటే చెప్పి యూరకుండక, ఆ మాట వాక్యములలో ఎట్లు నడచునో చూపుటయే అతని పద్ధతి.

అతని యుద్యోగమే ఈ జాగ్రత్తను నేర్పినది. సాక్షి తెలుగున పలుకును. రైతు తెలుగున మొరపెట్టుకొనును. పై యధికారులకు పోవు నివేదిక ఇంగ్లీషున నుండవలెను. ఈ నడుమ నొక చిన్నమాట జారిపోయిన, ఒకని భూమి పోవచ్చును. ఒకడు చెరసాలకు పోవచ్చును. నా పొలము కొంత పండినదని రైతు చెప్పిన మాటకును, నా పొలము కొంతయే పండినదని చెప్పిన మాటకును శిస్తు లెక్కలో ఎంత దూరమో యోచింపుడు. మొదటిది శిస్తు కట్టగలవాని మాట; రెండవది మినహాయింపు కోరువాని మాట.

1826లో బ్రౌను మరల కడప చేరెను. అచ్చట నొక బంగళాను తోటతో గూడ కొని, పండితులను జీతములిచ్చి నిలిపి, దానినొక పుస్తకాలయముగను పరిశోధనశాలగను మార్చెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఆ కార్యమును నడపుచుండిరి. తాటాకుల ప్రతులను దూరప్రాంతములనుండి తెప్పించుట, తప్పులు దిద్దుట, శుద్ధప్రతులు వ్రాయించుట నిత్యకృత్యమయ్యెను. ఈ పనికి జీతమంతయు చాలక బ్రౌను అప్పులపాలయ్యెను.

ఇంతలో నందన నామ సంవత్సరము వచ్చెను. 1832–33లో కృష్ణకు దక్షిణమున గుంటూరు సీమను పట్టి పీడించిన కరవును మనవారు నందన కరవనియు డొక్కల కరవనియు నేటికిని చెప్పుకొందురు. సుమారు 5 లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు మరణించిరని లెక్కలు తెలుపుచున్నవి. కృష్ణ నిండుగా పారి సముద్రమున కలియుచుండగా, ఒడ్డున నున్న పొలములు ఎండిపోయెను. ఆ దినములలో బ్రౌను ఆ ప్రాంతమున ఉద్యోగియై, ఆ దారుణమును కన్నులార చూచెను.

కంపెనీ కాగితములలో ఇట్టి విపత్తును కొరత యని, ఎద్దడి యని మెత్తని మాటలతో చెప్పుట నాటి యధికారుల కిష్టము. బ్రౌను దానిని ఫామిన్, అనగా కరవు, అని స్పష్టముగా పేర్కొనెను. ఆ మాట పైవారికి రుచింపలేదు. ఒక మాటకు ఇంత పట్టుదల యేల యని నేటి చదువరికి తోచవచ్చును. కాని కొరత యనినచో కొంచెము తక్కువైనదని యర్థము, సర్దుకొనవచ్చును, శిస్తు వసూలు సాగింపవచ్చును. కరవు అనినచో తినుటకు లేదని యర్థము, గంజి పోయవలెను, ధాన్యము తెప్పింపవలెను, శిస్తు మానవలెను. ఆ ఊర కొంచెము ధాన్యము కలదని వ్రాసిన పై యధికారి నిశ్చింతగా నిద్రించును. ఆ ఊర ధాన్యము కొంచెమే కలదని వ్రాసిన బండ్లు కదలవలెను. ఇంగ్లీషున ఈ రెండు వాక్యములకు నడుమనున్నది ఎ అను నొక్క యక్షరము. భాషలో పరిమాణమును తెలుపు మాట వ్యాకరణమునకు మాత్రమే సంబంధించినది కాదని, అది ప్రాణములతో ముడిపడినదని నందన కరవు చూపినది.

1834లో బ్రౌను ఇంగ్లండునకు పోయెను. సెలవు దినములను సైతము తెలుగునకే వినియోగించెను. లండనులో ఇండియా హౌస్ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు 2106 పట్టించుకొనువారు లేక పడియుండుట గమనించి, వానిని చెన్నపట్టణపు సాహిత్యసంఘమునకు పంపించుటకై పాటుపడి సాధించెను. 1838 నాటికి తిరిగి వచ్చి, ప్రభుత్వమున పారశీక భాషానువాదకుడుగను, తరువాత పోస్టుమాస్టరు జనరలుగను, తెలుగు అనువాదకుడుగను పనిచేసెను. 1840లో అతని తెలుగు వ్యాకరణము వెలువడెను. 1851లో జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యతో మనుచరిత్రమును అచ్చువేయించెను.

అతని జీవితకృషికి ఫలము 1852లో చేతికి వచ్చెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఆ కాలముననే లోకమునకు వచ్చినవి. 1854లో కచేరీల భాషలో కలిసిపోయిన హిందుస్తానీ, పారశీక, ఆంగ్ల పదములకు మిశ్రభాషా నిఘంటువు వెలువడెను. కావ్యములలోని మాటలతోపాటు జనుల వాడుకలోని మాటలకును బ్రౌను నిఘంటువున చోటిచ్చెను. వాడుక మాటలను గ్రంథమునకు తగవని నాటి పండితులు తలంచుచుండగా, జనులు పలుకు ప్రతి మాటకును విలువ గలదని అతడు నమ్మెను. ఏకారముతోను ఊకారముతోను జీవించు చిన్నమాటల సొగసు నిఘంటువునకు దక్కుట ఈ నమ్మకము వలననే.

1852లోనే అతడు వాక్యావళి యను పుస్తకమును గూడ ప్రకటించెను. ఇంగ్లీషు నుడికారములను తెలుగు నుడికారములతో జతపరచి అభ్యాసములుగా కూర్చిన గ్రంథమది. మాటలు వేరు, నుడికారము వేరని చెప్పుటకు ఆ పుస్తకపు పేరే చాలును; నేర్వవలసినది పదావళి కాదు, వాక్యావళి. ఇంగ్లీషు నేర్చు తెలుగువానికిని, తెలుగు నేర్చు ఇంగ్లీషువానికిని ఇది యొక్కటే మార్గము. అంతకు తొమ్మిదేండ్ల ముందు, 1843లో, రాబర్టు నోబిలు మచిలీపట్నమున ఇంగ్లీషు పాఠశాలను స్థాపించియుండెను. కృష్ణా సీమ బాలురు ఇంగ్లీషు వ్యాకరణముతో కుస్తీపట్టుచున్న కాలమున ఇట్టి పుస్తకముల యవసరము చెప్పనక్కరలేదు.

వాక్యముగా నేర్చుటలో నున్న లాభమేమో చిన్నమాటలయందు స్పష్టముగా తెలియును. ఫ్యూ అను మాటకు అర్థమేమని యడిగిన బాలుడు కొన్ని యని చెప్పును. అది తప్పును కాదు, ఒప్పును కాదు. వానికి ఇంగ్లీషు కొంచెము వచ్చును అను వాక్యమును చూడుడు; దీనికి ఎ లిటిల్ కావలెను. వానికి ఇంగ్లీషు అంతగా రాదు అను వాక్యమునకు ఎ లేని లిటిల్ కావలెను. ఇచ్చట తెలుగువాడు పరిమాణవాచకమును మార్చి యూరకుండలేదు. క్రియనే వ్యతిరేకార్థకము గావించెను. వచ్చును అను చోట రాదు అనెను. ఇంగ్లీషున వాక్యము పైకి అస్త్యర్థకముగా నుండియు లోపల నాస్త్యర్థకము. తెలుగున ఆ నాస్తిని క్రియ పైకే చెప్పివేయును. వానికి స్నేహితులు ఎక్కువమంది లేరు, పుస్తకములు పెద్దగా లేవు, చేనిలో పంట అంతగా లేదు అని మన పల్లెలలో ప్రతిదినము వినవచ్చు వాక్యములన్నియు ఎ లేని ఫ్యూ, ఎ లేని లిటిల్ అను మాటలకు సరియైన తెలుగులు. ఈ రహస్యము తెలిసిన విద్యార్థి మరల పొరబడడు. కొందరు, కొంచెము అని చెప్పదగిన చోట ఎ ఉంచవలెను. లేరు, లేదు, రాదు అని చెప్పదగిన చోట ఎ తీసివేయవలెను. తెలుగు మనస్సుననే ముందుగా వాక్యమును సరిచూచుకొనిన ఇంగ్లీషు తనంతట తానే సరిపడును.

అనారోగ్యము వలన బ్రౌను 1855లో కొలువు విడిచి, భారతదేశమును వీడిపోయెను. అదే సంవత్సరమున విజయవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియయ్యెను. గోదావరి ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర సంకల్పముతో, 1852లో ఆరంభమైన ఆ నిర్మాణమును ఇంజనీరు చార్లెస్ ఓర్ నడపెను. ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ నది నిలువగా, కాలువలు ఇరువైపుల సాగి, నందన కరవు చూచిన గుంటూరు సీమకు సైతము నీరందెను. ఆ ఆనకట్టకు మారుగా కట్టిన ప్రకాశము బారేజి 1957లో పూర్తియై నేడు డెల్టాకు నీరిచ్చుచున్నది. కాలువలో నీరు కొంచెమే కలదను మాట విన్న రైతు నేటికిని ఉలికిపడును. కొంచెము నీరు కలదను మాట విన్నచో నారుమడిని కాపాడుకొందునని ధైర్యము తెచ్చుకొనును. వ్యాకరణము చదువని ఆ రైతునకు ఈ భేదమును ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంగ్లండు చేరిన తరువాతను బ్రౌను తెలుగును విడువలేదు. లండన్ విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండి, తన సాహిత్యజీవితమును గూర్చి తానే యొక చిన్న రచన చేసెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన, 86 యేండ్ల ప్రాయమున, లండనులో కన్నుమూసెను. అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెంకటరత్నముగారు, కాంబెల్ దొర, కందుకూరి వీరేశలింగము పంతులుగారు సవరించి పెంచగా 1903లో రెండవ ముద్రణము వెలువడెను. నేటికిని ఆ నిఘంటువు లేని తెలుగు పరిశోధకుని బల్ల కానరాదు. కడపలో అతని బంగళా యుండిన స్థలమున అతని పేర గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును వెలసినవి. హైదరాబాదు ట్యాంకుబండుమీద తెలుగు వెలుగుల నడుమ అతని విగ్రహము నిలిచియున్నది.

బ్రౌనునకు మన భాష జన్మతః వచ్చినది కాదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఓనమాలతో మొదలుపెట్టి, పండితుల ముందు శిష్యుడై కూర్చుండి, పల్లెవాని నోటి మాటను సైతము విని వ్రాసికొని నేర్చెను. పరభాషను నేర్చువానికి కావలసినది పెద్దమాటల మూట కాదని, చిన్నమాటల బరువును తూచగల యోపిక యని అతని జీవితము తెలుపుచున్నది. ఇంగ్లీషు పాఠమున ఎ అను నొక్క యక్షరము విడిచిన బాలుని మందలించుటకు ముందు, ఉపాధ్యాయుడు వానిచేత ఆ వాక్యమును తెలుగున రెండు విధముల చెప్పించిన చాలును. కొందరు వచ్చిరి, కొందరే వచ్చిరి అని ఆ బాలుడు తన నోట తానే పలికిననాడు, రెంటికిని నడుమగల యెడము వానికి బోధపడును. బ్రౌను దొర యేబది యేండ్లు దేనికొరకు శ్రమించెనో గూడ కొంతైనను బోధపడును.